ఒకే కొన, వేఱువేఱు తీగెలు

లాప్‌టాపు తీగె పాడైనపుడు, కొన సరిపోయినచో చాలునని తలంచి చేతి కందినదానిని కొనితెచ్చుట మనలో పలువురకు వాడుక. మేమును అట్లే చేసితిమి. క్రొత్త తీగె చక్కగా నమరెను. గాని వార్షికోత్సవమునాడు పిల్లల చిత్రములను తెరపై చూపుచుండగా, ఛార్జరు తగిలించియుండియు బ్యాటరీ తఱిగి, యంత్రము నడుమ నాగిపోయెను.

1996లో వెలువడిన మొదటి యు.ఎస్.బి. కొనను తలక్రిందుగా దూర్చబోయి విసుగుచెందనివా రరుదు. 2014లో నేర్పడిన సి-రకపు కొన యా చిక్కును తీర్చెను. దాని 24 స్పర్శస్థానములు రెండు వరుసలుగా నమర్పబడుటచే నెటు త్రిప్పి పెట్టినను పనిచేయును. అయితే కొన యొక్కటియైనను లోపలి తీగె లొక్కటి కావు.

సామాన్యపు సి-తీగె మోయునది 3 ఆంపియర్లు, అనగా 20 వోల్టులకడ 60 వాట్లు మాత్రమే. మా లాప్‌టాపు కోరునది 100 వాట్లు! 5 ఆంపియర్లు మోయు తీగె కొనలో నొక చిన్న చిప్పు ఉండవలెను. ఛార్జరు ముందుగా దానిని ప్రశ్నించును. ఉత్తరము రానిచో 3 ఆంపియర్లు దాటనీయదు. తీగె వేడెక్కి కాలకుండుటకే యీ కట్టడి. కావున మా తీగె తప్పుచేయలేదు, మేమే చేసితిమి. 2021 నాటి నియమములచే నిట్టి చిప్పు గల తీగెలు 240 వాట్లవఱకు మోయునట్లు చేయబడుచున్నవి.

సమాచారపు వేగము మఱియొక సంగతి. ఛార్జింగునకై చేసిన తీగెలు పెక్కు సెకనునకు 480 మెగాబిట్లకు మించవు. వానితో మానిటరునకు చిత్రమును పంపజూచుట వ్యర్థము.

కొనునపుడు పెట్టెమీది వాట్లను, వేగమును చదివి చూడుడు. 240 వాట్ల తీగెను చిన్న ఫోనునకు తగిలించినను భయము లేదు; ఫోను తనకు వలసినంతయే తీసికొనును.