36వ స్థానంలో అసలు పాట

క్రిస్మస్ వారంలో ఏ పాట మొదటి స్థానంలో నిలుస్తుందన్నది బ్రిటన్‌లో ఏటా జరిగే పెద్ద సందడి. దాని మీద పందేలు కూడా కాస్తారు. 2008 డిసెంబరులో ఆ పట్టిక చూసినవాళ్లకు ఒక వింత కనబడింది. మొదటి స్థానంలో ‘హల్లెలూయా’. రెండో స్థానంలోనూ ‘హల్లెలూయా’. అలా కిందికి దిగుతూ పోతే 36వ స్థానంలో మళ్లీ ‘హల్లెలూయా’. పాట ఒకటే, గొంతులు మూడు. మొదటిది ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అనే టీవీ పోటీలో అప్పుడే గెలిచిన అలెగ్జాండ్రా బర్క్‌ది. రెండోది 1997లోనే నదిలో మునిగి చనిపోయిన జెఫ్ బక్లీది. 36వది లెనార్డ్ కోహెన్‌ది. ఆ పాట రాసిందీ, బాణీ కట్టిందీ, 1984లో మొదట పాడిందీ ఆయనే.

బర్క్ పాట వింటే ఒళ్లు మండినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒంటరిగా కూర్చుని వినాల్సిన పాటను టీవీవాళ్లు కోరస్‌లూ హంగులూ తగిలించి ఊరేగించారని వాళ్ల బాధ. సరే, మంచి పాటను గెలిపిద్దామని పంతం పట్టి, చేతి డబ్బులు పెట్టి డౌన్‌లోడ్ చేశారు. తమాషా ఏమిటంటే, వాళ్లు ఎగబడి కొన్నది కోహెన్ పాటను కాదు, బక్లీ పాటను. ఒక కవర్ మీద కోపంతో ఇంకో కవర్‌ను నెత్తిన పెట్టుకున్నారన్నమాట. ఒకరు రికార్డు చేసిన పాటను ఇంకొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో కొత్తగా రికార్డు చేస్తే దాన్ని కవర్ అంటారు. పాత రికార్డునే తీసుకుని దరువు మార్చే రీమిక్స్ సంగతి వేరు.

ఇంకొంచెం లోపలికి వెళ్తే చిక్కుముడి ఇంకా బిగుస్తుంది. బక్లీ ఈ పాటను కోహెన్ దగ్గర నేర్చుకోలేదు. ఈ పాట ఉన్న కోహెన్ ఆల్బమ్ ‘వేరియస్ పొజిషన్స్’ను అమెరికాలో విడుదల చేయడానికి ఆయన సొంత కంపెనీ కొలంబియాయే ఒప్పుకోలేదు. తర్వాత కోహెన్ అభిమానులైన గాయకులంతా కలిసి 1991లో ఒక ఆల్బమ్ తెచ్చారు. అందులో ఈ పాట పాడాలనుకున్న జాన్ కేల్, మిగతా చరణాలు కూడా ఉంటే పంపమని కోహెన్‌ను అడిగాడు. ఫ్యాక్స్ మిషన్‌లోంచి పదిహేను పేజీలు వచ్చిపడ్డాయి. కేల్ వాటిలోంచి తనకు నచ్చినవి ఏరుకుని, పియానో ఒక్కటే పెట్టుకుని పాడాడు. బక్లీకి చేరింది ఆ పాటే. పియానో స్థానంలో ఎలక్ట్రిక్ గిటార్ వచ్చింది, 1994లో ‘గ్రేస్’ ఆల్బమ్‌లోకి ఎక్కింది. ఈనాడు లోకమంతా పాడుతున్న ‘హల్లెలూయా’ చరణాలు చాలావరకు కేల్ ఏరినవే. బక్లీ పాట విని పెరిగినవాళ్లు ఎప్పుడో కోహెన్ పాత రికార్డు పెట్టుకుంటే, ఆ బొంగురు మంద్రస్వరం, వెనక ఎనభైల నాటి కీబోర్డు మోత, కోరస్ విని ‘ఇదేంటి, ఎవరో పాడు చేశారే’ అనుకుంటారు. పాడు చేశాడనుకుంటున్నది పాట రాసిన మనిషినే!

చెవికి తారీఖులతో పని లేదు. మొదట ఏది విన్నదో, ఎక్కువసార్లు ఏది విన్నదో అదే దానికి అసలు. మళ్లీ మళ్లీ ఎదురైన వస్తువు మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయెన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. పాట విషయంలో ఇది ఇంకా గట్టిగా పనిచేస్తుంది. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఏ అక్షరం దగ్గర స్వరం జారుతుందో కూడా వినేవాడికి కంఠతా వచ్చేస్తుంది. కొత్త గాయకుడు అదే చోట ఊపిరి తీసుకోకపోతే మెట్టు తప్పి కాలు జారినట్టు ఉంటుంది. దాన్ని మనం ‘పాత పాటలో ఉన్న ఫీల్ లేదు’ అంటాం.

తెలుగువాళ్లకు ఈ పోలికల సరదా కొత్తదేమీ కాదు. పౌరాణిక నాటకాల రోజుల్లో తిరుపతి వేంకట కవుల పద్యాలు జనానికి ముందే నోటికి వచ్చు. అయినా పందిరి నిండేది. కృష్ణుడి వేషం కట్టినాయన రాగం ఎక్కడ లాగాడు, ఎక్కడ తుంచాడు అన్నదే చూసేవారు. నచ్చితే వన్స్‌మోర్. పీసపాటి గొప్పా, షణ్ముఖి గొప్పా అని వాదించుకునేవారే తప్ప, ‘ఒరిజినల్ ఎవరిది?’ అని అడిగినవారు లేరు. త్యాగరాజ కీర్తనకైతే ‘పాఠాంతరం’ అని గౌరవంగా ఒక పేరే ఉంది. త్యాగయ్య గొంతు ఏ ప్లేటు మీదా లేదు కాబట్టి ఎవరి పాఠం వారిదే. గొంతు ప్లేటు మీదకు ఎక్కాకే, పాటకు పాడినవాళ్లు హక్కుదారుల్లా కనబడటం మొదలైంది.

ఆ పోలికలకు ముప్పై ఏళ్లుగా తిండి పెడుతున్న పాట ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. ఇది విట్నీ హ్యూస్టన్ పాట అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి రాసింది డాలీ పార్టన్. అమెరికా కంట్రీ సంగీతంలో అప్పటికే పేరున్న పోర్టర్ వాగనర్ 1967లో ఆమెను తన టీవీ షోలోకి తీసుకున్నాడు. ఏడేళ్లు జంటగా పాడారు. ఆమె సొంత దారి చూసుకుంటానంటే ఆయన ససేమిరా అన్నాడు. వాదించి లాభం లేదని ఆమె ఒక పాట రాసుకుని వెళ్లి, ఆయన ఎదురుగానే పాడింది. ఇది ప్రేయసీప్రియుల పాట కాదు. అన్నం పెట్టిన ఇంటికి దండం పెట్టి గడప దాటడం.

1974 నాటి ఆ రికార్డు మూడు నిమిషాలు కూడా ఉండదు. మెత్తని గిటార్, పక్కింటి పిల్ల గొంతు. ఒక చరణాన్నయితే ఆమె పాడదు, ఊరికే మాట్లాడుతుంది. గొంతు పెంచదు. కంట్రీ పట్టికలో మొదటి స్థానం వచ్చింది. 1982లో ఒక సినిమా కోసం అదే పాటను మళ్లీ పాడితే మళ్లీ మొదటి స్థానమే వచ్చింది.

1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాలో విట్నీ పాడటానికి మొదట అనుకున్నది వేరే పాట. దాన్ని అంతకుముందే ఇంకో సినిమావాళ్లు వాడేశారని తెలిసింది. అప్పుడు హీరో కెవిన్ కోస్ట్‌నర్ ఈ పాటను సూచించాడు. అయితే సంగీతం చూసిన డేవిడ్ ఫాస్టర్‌కు అందింది డాలీ రికార్డు కాదు, 1975లో లిండా రాన్‌స్టాట్ పాడిన కవర్. అందులో ఆఖరి చరణం లేదు. ఆ సంగతి తెలిసి డాలీయే ఆ చరణం మాటలు అందించింది. ఇక్కడా అదే కథ: కవర్‌కు దారి చూపింది ఇంకో కవర్.

విట్నీ రికార్డును ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని వినండి. మొదటి ముప్పావు నిమిషం దాకా ఒక్క వాద్యం కూడా ఉండదు. అలా ఉండి తీరాలని పట్టుబట్టింది కోస్ట్‌నరే. గొంతు ఒంటరిగా నడుస్తుంది, ఒక్కో అచ్చును పట్టుకుని నాలుగైదు స్వరాల మీదుగా దింపుతుంది. తర్వాత ఒక్కొక్కటిగా వాద్యాలు చేరతాయి, శాక్సఫోన్ వస్తుంది. మూడు నిమిషాలు దాటాక అంతా ఆగిపోతుంది. ఒక క్షణం నిశ్శబ్దం. డ్రమ్ మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బతో శ్రుతి ఒక పూర్తి మెట్టు పైకెక్కుతుంది, గొంతు తలుపులు బద్దలు కొట్టుకుని వస్తుంది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో వరుసగా 14 వారాలు మొదటి స్థానం వదల్లేదు.

విట్నీ అభిమానులకు డాలీ రికార్డు చిత్తుప్రతిలా వినిపిస్తుంది. డాలీ అభిమానులకు విట్నీది కేకలా వినిపిస్తుంది. ఇద్దరిదీ తప్పే. రెండింటిలోనూ వెళ్లిపోతున్నది ఒక స్త్రీయే గానీ, ఇద్దరూ ఒకే స్త్రీ కాదు. డాలీ పాటలోని మనిషి వెళ్లాలని ముందే తేల్చుకుంది, పెట్టె సర్దేసుకుంది, ఇక చెప్పి పోవడమే. విట్నీ పాటలోని మనిషికి ఆ నిర్ణయం పాడుతుండగానే కుదురుతోంది. డ్రమ్ దెబ్బ పడేదాకా ఆమె వెళ్తుందో లేదో మనకూ అనుమానమే. మాటలు మారలేదు, మాట్లాడే మనిషి మారింది. మంచి కవర్‌ను, ఉత్త నకలును విడదీసే గీత ఇక్కడే ఉంది. గుక్క తిప్పుకోకుండా ఎంతసేపు లాగారన్నది గీటురాయి కాదు.

డాలీ మొదటిసారి విట్నీ పాటను కారు నడుపుతూ రేడియోలో విన్నదట. ఆపకపోతే ఎక్కడ గుద్దేస్తానోనని కారు పక్కకు తీసి ఆపుకుందట. అంతకు చాలా ఏళ్ల ముందు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానన్నాడు. కానీ పాట హక్కుల్లో సగం రాసివ్వాలని ఆయన మేనేజరు కర్నల్ పార్కర్ షరతు పెట్టాడు. ఆమె కుదరదంది. రాత్రంతా ఏడ్చానని తర్వాత చెప్పుకుంది. హక్కు చేజారనివ్వలేదు కాబట్టే, విట్నీ రికార్డు అమ్ముడైన ప్రతిసారీ రచయిత్రి వాటా డాలీకి చేరింది.

డబ్బు లెక్క అన్నివేళలా ఇంత సవ్యంగా ఉండదు. ‘రెస్పెక్ట్’ పాటను ఓటిస్ రెడింగ్ 1965లో రాసుకుని పాడాడు. పనిచేసి ఇంటికొచ్చిన మగవాడు కాస్త మర్యాద ఇవ్వమంటాడు, అంతే. 1967లో అరీథా ఫ్రాంక్లిన్ దాన్ని తిప్పి స్త్రీ నోట పెట్టింది. ఆ మాటను అక్షరం అక్షరం విడదీసి పలికే ఘట్టం ఆమె చేర్చిందే. దాంతో అది నల్లజాతి హక్కుల పాటా అయింది, స్త్రీల పాటా అయింది. కానీ అమెరికా చట్టం ప్రకారం రేడియోలో పాట వేస్తే డబ్బు వచ్చేది రచయితకే, పాడినవాళ్లకు కాదు. రేడియోలో అరీథా పాట మోగిన ప్రతిసారీ డబ్బు వెళ్లింది ఓటిస్ వాటాలోకి.

మన కాపీరైటు చట్టంలోనూ కవర్లకు ఒక సెక్షన్ ఉంది, 2012 సవరణలో వచ్చిన 31సి. మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీలకు సరిపడా రాయల్టీ కట్టాలి. శ్రోతకు నేరుగా సంబంధించిన నిబంధన ఒకటుంది: అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి, పాత గాయకుల పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. బజార్లో పాత పాటల క్యాసెట్ కొని, ఇంటికొచ్చి నొక్కితే ఎవరో తెలియని గొంతు వినబడి నీరుగారిపోయిన తరానికి ఈ నిబంధన విలువ తెలుస్తుంది.

ఈ మధ్య కాలంలో పోలికల వేడి బాగా రాజేసింది ‘ఫాస్ట్ కార్’. ట్రేసీ చాప్‌మన్ 1988లో పాడింది. ఆ ఏడాది జూన్‌లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. స్టీవీ వండర్ వాద్య సామగ్రిలో ఒక భాగం చివరి నిమిషంలో కనబడకుండా పోయింది. ఖాళీ నింపడానికి గిటార్ ఒక్కటి ఇచ్చి చాప్‌మన్‌ను రెండోసారి వేదిక ఎక్కించారు. పేదరికంలోంచి కారెక్కి పారిపోవాలనుకునే ఒక అమ్మాయి కథను కోట్లమంది టీవీలో విన్నారు. పాట బిల్‌బోర్డ్‌లో 6వ స్థానం దాకా వెళ్లింది.

2023లో ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ గాయకుడు దాన్ని మళ్లీ పాడాడు. పాట వచ్చేనాటికి ఆయన ఇంకా పుట్టలేదు. చిన్నప్పుడు నాన్న ట్రక్కులో ఆ క్యాసెట్ విని పెరిగాడు. గిటార్ మీద ఆ తిరుగుడు స్వరాలను ముట్టుకోలేదు. డ్రమ్స్ కలిపాడు, గడ్డం మగవాడి బరువు గొంతు ఇచ్చాడు. పాటలో ఆ అమ్మాయి కొట్లో బిల్లులు కొట్టే పని చేస్తానని చెప్పుకునే చోటొకటి ఉంది. అలాంటి చోట్ల మగ గాయకులు మాట మార్చేస్తారు. కూంబ్స్ మార్చలేదు, ‘అమ్మాయి’ అనే పాడాడు. అభిమానులకు బాగా పట్టిన చిన్న సంగతి ఇదే. ఆయన ఆ కథను తనదని చెప్పుకోలేదు, ఆమె కథను తాను చెబుతున్నాడు.

కవర్ 2వ స్థానానికి ఎక్కి, మూలాన్ని దాటేసింది. గొడవా మొదలైంది. కంట్రీ రేడియోలో నల్లజాతి స్త్రీలకు చోటు దొరకడమే గగనం. అదే పాట తెల్లవాడి నోట వస్తే ఇంత ఆదరణా అని కొందరు నిలదీశారు. అది కాదనలేని మాటే. కానీ ఆ కవర్ వల్లనే ఆ ఏడాది నవంబరులో కంట్రీ సంగీత సంఘం వారి ఉత్తమ గీతం పురస్కారం చాప్‌మన్‌కు వచ్చింది. నల్లజాతి రచయితకు అది దక్కడం అదే మొదలు. అందుకోవడానికి ఆమె వెళ్లలేదు, ఒక మాట మాత్రం రాసి పంపింది. అప్పటికి చాలా ఏళ్లుగా ఆమె వేదికలకు దూరంగానే ఉంటోంది.

2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో గ్రామీ పురస్కారాల సభ. కెమెరా మొదట చూపించింది గిటార్ తీగల మీద కదిలే వేళ్లను మాత్రమే. నాలుగు స్వరాలు వినబడగానే జనం గోల మొదలైంది. కెమెరా పైకి లేస్తే చాప్‌మన్, నెరిసిన జుట్టు, పెద్ద నవ్వు. ఆమె తన వంతు చరణాలు పాడుతున్నంతసేపూ పక్కన కూంబ్స్, ట్రక్కులో కూర్చున్న పిల్లాడిలా ఆమె వంకే చూస్తూ, చప్పుడు రాకుండా పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. పాట అయ్యాక ఆమె వైపు తిరిగి తల వంచాడు. ఆ సభ తర్వాత ఐట్యూన్స్ అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎక్కింది 1988 నాటి రికార్డు.