స్పానిష్‌లో 'వచ్చి ఉంటుంది'

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, కాలవ నీళ్ళు మా చేలోకి వచ్చాయో లేదో చూసి రమ్మని ఒక సాయంత్రం నాన్న పంపాడు. దారిలో ఆటలో పడి, చీకటయ్యాక ఇంటికెళ్ళి "వచ్చుంటయ్యి నాన్నా" అన్నాను. అన్నం తింటున్నవాడు తలెత్తి, "వచ్చినయ్యా, వచ్చుంటయ్యా? ఏదో ఒకటి చెప్పరా" అని, చెయ్యి కడుక్కుని టార్చిలైటు తీసుకుని తనే పోయాడు. గట్టు తెగి నీళ్ళు పక్క చేలోకి పోతున్నాయి.

వ్యాకరణంలో నాకు దొరికిన మొదటి పాఠం అదేనని ఈ మధ్యనే తెలిసింది. సైన్సు చదువుతూ సాయంత్రాలు స్పానిష్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. పర్ఫెక్ట్ టెన్సుల దగ్గర బండి ఆగిపోయింది. తెలుగు మీడియం వాణ్ణి. ఇంగ్లీషు 'హావ్', 'హాడ్'లే నాకింకా సరిగ్గా లొంగలేదు. వాటి మీదుగా స్పానిష్ నేర్వడమంటే ఈత రానివాడి భుజమెక్కి ఏరు దాటడమే గదా!

చివరికి దారి తెలుగులోనే దొరికింది. స్పానిష్‌లో 'అబేర్' అనే సహాయక క్రియ ఉంది (రాతలో మొదట హెచ్ ఉంటుంది, పలకరు). దీని తల్లి లాటిన్‌లోని 'హబేరె', అంటే కలిగి ఉండడం. 'రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది' అనే తీరు మాటే క్రమంగా 'ఉత్తరం రాశాను' అనే అర్థానికి వచ్చింది. తర్వాత సొంతం అనే అర్థాన్ని 'తెనేర్' అనే క్రియ లాగేసుకుంది. ఇవాళ 'ఆయ్ ఆగ్వా' అంటే 'నీళ్ళున్నాయి'. ఆ 'ఆయ్' కూడా అబేర్ రూపమే! అంటే అబేర్‌కి దగ్గరి చుట్టం ఇంగ్లీషు 'హావ్' కాదు, మన 'ఉండు'.

ఇక రెండో ముక్క. 'ఆర్'తో ముగిసే క్రియకి 'ఆదో', 'ఏర్', 'ఈర్'లతో ముగిసేవాటికి 'ఈదో' చేరుస్తారు. సెంబ్రార్ (విత్తు) సెంబ్రాదో అవుతుంది. కొమేర్ (తిను) కొమీదో. మొండివి కొన్ని ఉన్నాయి: చూడడం బీస్తో, చెప్పడం దీచో, చేయడం ఏచో, రాయడం ఎస్క్రీతో. వీటిని బట్టీ పట్టడమే, వేరే మార్గం లేదు.

అబేర్ వర్తమానంలో ఎ, అస్, అ, ఎమోస్, అబెయిస్, అన్ అని మారుతుంది. 'ఎ కొమీదో' అంటే నేను తిన్నాను. 'ఎమోస్ కొమీదో' అంటే మేం తిన్నాం. చూశారా, కొమీదో కదల్లేదు. మనకీ అంతే: వాడు వచ్చి ఉంటాడు, ఆమె వచ్చి ఉంటుంది. 'వచ్చి' రాయిలా కూర్చుంటుంది, మార్పంతా 'ఉండు'దే. కాకపోతే మనం 'వచ్చే ఉంటాడు' అని మధ్యలో ఒత్తి పలకగలం. స్పానిష్ వాళ్ళు ఆ రెంటి మధ్య సాధారణంగా దేన్నీ దూరనివ్వరు. 'లేదు'కి వాడే 'నో' కూడా ముందే నిలబడాలి: 'నో ఎ కొమీదో', నేను తినలేదు.

మనకి చిక్కల్లా 'తిన్నాను' అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే అలవాటు వల్ల వస్తుంది. స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో ఇవాళ తిన్నదానికి 'ఎ కొమీదో', నిన్న తిన్నదానికి 'కొమీ' అంటారు. అర్జెంటీనా, మెక్సికోల్లో ఇవాళ్టిదానికి కూడా చాలావరకు 'కొమీ'యే. వాళ్ళు మన బంధువులని నేను సంతోషించాను.

అబేర్‌ని భూతకాలంలో పెడితే 'అబీయా'. మేం వెళ్ళేసరికే బస్సు వెళ్ళిపోయిందనడానికి 'అబీయా సలీదో' అంటారు. ఇక్కడ మనం 'ఉండు' బదులు 'పోవు' వాడుకుంటాం; పోలిక పూర్తిగా అతకదు. కానీ భవిష్యత్తులో పెట్టి చూడండి. 'అబ్రా యెగాదో'. రేపటికి వచ్చి ఉంటుందని చెప్పడానికీ ఇదే, కళ్ళతో చూడకుండా ఊహించి చెప్పడానికీ ఇదే. 'ఎల్ ఆగ్వా అ యెగాదో' అంటే నీళ్ళు వచ్చాయి. 'ఎల్ ఆగ్వా యా అబ్రా యెగాదో' అంటే ఈపాటికి వచ్చి ఉంటాయి. నాన్న అడిగిన ప్రశ్న అక్షరాలా ఇదే. పుస్తకంలో ఈ సంగతి ఒక్క వాక్యంలో, అదీ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది.

జరగని పనులకి మరో జంట ఉంది: 'సి ఉబియేరా యొబీదో, అబ్రీయామోస్ సెంబ్రాదో'. వాన పడి ఉంటే విత్తి ఉండేవాళ్ళం. ఇంగ్లీషులో ఈ వాక్యం రాయడానికి నాకు మూడుసార్లు కొట్టివేతలు పడ్డాయి. తెలుగులో మా ఊరి అరుగు మీద దాదాపు ఏటా వింటాను. బోర్డు మీద రాయమన్నప్పుడు తప్పు లేకుండా రాశాను. ఆ రాత్రి ఫోన్లో నాన్నకి చదివి వినిపించి, అర్థం చెప్పాను. "వాళ్ళకీ ఇదే ఏడుపా?" అని నవ్వి, మెట్ట చేలో కంది ఇంకా విత్తలేదన్నాడు.