రెండు కళ్ళూ కుదిరితేనే లోతు తెలిసేది

ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పెద్దవారు, "చూపు బాగానే ఉందమ్మా, గ్లాసులో పోసే నీళ్ళే బయట పడుతున్నాయి" అని మాతో అంటుంటారు. అది చేతి పొరపాటు కాదు.

మన కంటిపాపల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. అందుచేత ఒకే వస్తువు రెండు కళ్ళకూ కొంచెం తేడాగా కనిపిస్తుంది. ఆ తేడాను బట్టి మెదడు దూరాన్ని లెక్క కడుతుంది. పక్కపక్కన బిగించిన రెండు కెమెరాలతో దూరం కొలిచే యంత్రాలదీ ఇదే పద్ధతి. వాటిలో ఒకటి కాస్త కదిలినా, దాని అద్దం మసకబారినా లెక్క తప్పుతుంది. ఒక కన్ను తేటగా, రెండవది మసకగా ఉన్నవారికి జరిగేదీ అదే.

ఒక కన్ను మూసుకుని, చేతులు చాచి పెన్నుకు మూత పెట్టి చూడండి. తరువాత రెండు కళ్ళూ తెరిచి పెట్టండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండవ కంటి సంగతి డాక్టరుగారు తేల్చేవరకు మెట్ల దగ్గర కమ్మీ పట్టుకోండి. చెంబు అంచు గ్లాసుకు ఆనించి పోయండి. డాక్టరుగారిని అడగనిదే బండి నడపవద్దు. పాత కళ్ళద్దాలు ఆపరేషన్ అయిన కంటికి సాధారణంగా సరిపోవు.

పిల్లలకు మెల్లకన్ను ఉంటే అదృష్టమని ఊరుకోకండి, త్వరగా చూపించండి. ఆలస్యమైతే ఆ కంటి చూపును మెదడు పక్కన పెట్టేస్తుంది. పెద్దవారికైనా ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనబడితే ఆ రోజే రండి.