ఇన్సులిన్ మోతాదు పెంచే ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు

ఈ సంచికలో ఇన్సులిన్ వాడుతున్న షుగరు రోగుల గురించి, ముఖ్యంగా వారిని ఇంట్లో చూసుకునే వారి కొరకు వ్రాస్తున్నాము. ముందుగా మా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి.

ఒక మే నెలలో ఉట్నూర్ అవతలి గూడెం నుండి ఒక అవ్వ మా ఓపీకి వచ్చారు. పరగడుపున షుగరు 340 ఉంది. "సూది తప్పకుండ ఏసుకుంటున్న సిస్టరమ్మా, ఒక్క పూట గూడ ఇడ్వలేదు. అయినా తగ్గుత లేదు" అన్నారు. మేము షుగరు పుస్తకం చూసి, సాయంత్రం మోతాదును 14 యూనిట్ల నుండి 20 యూనిట్లకు పెంచి పంపించాము. వెళ్లేటప్పుడు ఆమె కొడుకు మందుల దుకాణంలో కొత్త సీసా కొన్నాడు.

మూడవ రోజు తెల్లవారుజామున ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఒళ్లంతా చెమటతో తడిసిపోయి ఉంది. "రాత్రి కొంచెం గట్క తిని పండుకున్నది సిస్టరమ్మా, ఇప్పుడు ఎంత లేపినా లేస్త లేదు" అని కొడుకు ఏడుస్తున్నాడు. షుగరు 36 ఉంది. నరానికి గ్లూకోజు ఎక్కించగా కొద్ది నిమిషాల్లో కళ్లు తెరిచారు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేము.

తరువాత పాత సీసా తెమ్మన్నాము. అందులోని మందు గడ్డలు కట్టి గాజుకు అంటుకొని ఉంది. రేకుల ఇంట్లో, ఇనుప పెట్టెలో, నెల రోజులకు పైగా దాచిపెట్టారట. ఆ ఎండకు మందు పాడైపోయింది. పాడైన మందు 14 యూనిట్లు వేసినా షుగరు తగ్గలేదు. కొత్త సీసాలోని మంచి మందు 20 యూనిట్లు వేసేసరికి, పైగా అన్నం సగమే తినేసరికి, షుగరు ఒక్కసారిగా పడిపోయింది. తప్పు ఆమెది కాదు. మేము అడగవలసిన మాట అడగకుండా మోతాదు పెంచాము.

ఆనాటి నుండి షుగరు ఎక్కువగా ఉందని ఎవరు వచ్చినా, మోతాదు పెంచే ముందు మూడు ప్రశ్నలు అడుగుతున్నాము. సీసా ఎక్కడ పెట్టారు? ఏ సిరంజితో తీశారు? ఎప్పుడు, ఎంత తిన్నారు? ఈ మూడింటినీ మీరు కూడా తెలుసుకోవాలని మా కోరిక.

ఇన్సులిన్ చేసే పని

మనం తిన్న జొన్న రొట్టె అయినా, అన్నం అయినా కడుపులో అరిగి చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. ఆ చక్కెరను కండరాలలోకి, కాలేయంలోకి చేర్చేది ఇన్సులిన్. దీనిని కడుపు వెనుక ఉన్న క్లోమ గ్రంథి తయారు చేస్తుంది. ఇన్సులిన్ లేకపోతే, పంట అంతా కల్లంలో కుప్పగా పడి ఉండగా ఇంట్లో గింజ లేక పస్తులు ఉన్నట్లు అవుతుంది. రక్తంలో చక్కెర నిండుగా ఉంటుంది, శరీరం మాత్రం చిక్కిపోతుంది. అందుకే మాటిమాటికి మూత్రం, దప్పిక, ఆకలి, నీరసం.

కొందరు పిల్లలలో, యువకులలో క్లోమం ఇన్సులిన్‌ను దాదాపు పూర్తిగా మానివేస్తుంది. ఇది టైప్ 1. వీరికి ఇన్సులిన్ అన్నంతో సమానం, ఒక్కరోజు కూడా మానరాదు. పెద్దవారిలో ఎక్కువగా వచ్చే టైప్ 2లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయదు, ఏళ్లు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. అప్పుడు మాత్రలు చాలక సూది అవసరం కావచ్చు.

మొదటి ప్రశ్న: సీసా ఎక్కడ పెట్టారు?

తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. అంటే ఫ్రిజ్‌లో కింది అరలో లేదా తలుపు అరలో. మంచు గడ్డ కట్టే పై అరలో పెట్టకూడదు. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికి రాదు, పారవేయాలి. వాడుతున్న సీసాను నీడలో, 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చు. సీసా తెరిచిన తేదీని దాని మీద వ్రాసి పెట్టుకోండి. మన దగ్గర దొరికే 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లు ఉంటాయి. రోజుకు 10 యూనిట్లు వాడేవారికి అది 40 రోజులు వస్తుంది. నాలుగు వారాలు దాటితే మందు మిగిలి ఉన్నా కొత్తది తీయడమే మంచిది.

ఫ్రిజ్ లేని ఇళ్ల సంగతి ఏమిటి? మెడిసాన్ సాన్ ఫ్రాంటియేర్ అనే అంతర్జాతీయ వైద్య సంస్థ, జెనీవా విశ్వవిద్యాలయం వారు కలిసి కెన్యా దేశంలోని దగాహలే శరణార్థుల శిబిరంలో ఇళ్ల వేడిని కొలిచారు. అదే తీరుగా 25 నుండి 37 డిగ్రీల మధ్య ఇన్సులిన్‌ను ఉంచి పరీక్షించారు. నాలుగు వారాల వరకు దాని శక్తి తగ్గలేదని 2021లో తెలియజేశారు. ఇది ఫ్రిజ్ లేని కుటుంబాలకు ఎంతో ధైర్యం ఇచ్చే మాట. అయితే మన ఆదిలాబాద్ ప్రాంతంలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల కింద ఇంకా ఎక్కువ. కాబట్టి వేసవిలో మనకు కుండ తప్పనిసరి.

కుండ పద్ధతి సులువు. ఒక పెద్ద మట్టి కుండ, అందులో పట్టే చిన్న మట్టి కుండ తీసుకోండి. రెండింటి మధ్య ఇసుక పోసి తడపండి. సీసాను మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చిన్న కుండలో ఉంచి, పైన తడి బట్ట కప్పండి. గాలి తగిలే నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం ఇసుక తడపండి. మన రంజన్‌లో నీళ్లు చల్లబడే తీరే ఇది. తడి ఆవిరి అవుతూ వేడిని తీసుకుపోతుంది.

సూది వేసుకునే ముందు ప్రతిసారీ సీసాను వెలుగులో చూడండి. నీళ్లలా తేటగా ఉండవలసిన రకం మసకబారితే వాడవద్దు. పాలలా తెల్లగా ఉండే రకాన్ని రెండు అరచేతుల మధ్య పదిసార్లు మెల్లగా దొర్లించాలి. గట్టిగా ఊపరాదు. దొర్లించిన తరువాత కూడా గడ్డలు కనిపిస్తే ఆ సీసా వద్దు.

రెండవ ప్రశ్న: ఏ సిరంజితో తీశారు?

మన దేశంలో ఇన్సులిన్ రెండు బలాలలో దొరుకుతుంది. సాధారణంగా సీసాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నులో వేసే గొట్టాలలో, కొన్ని కొత్త రకాల సీసాలలో 100 యూనిట్లు ఉంటాయి. సిరంజిలు కూడా అలాగే రెండు రకాలు. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. ఏ మందుకు ఆ సిరంజే వాడాలి.

తారుమారు అయితే ఏమవుతుందో చూడండి. 40 సీసా నుండి 100 సిరంజితో 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు తగ్గదు. అదే 100 మందును 40 సిరంజితో 20 గీత వరకు తీస్తే వెళ్లేది 50 యూనిట్లు. అది ప్రాణం మీదికి వస్తుంది. దుకాణంలో సిరంజి కొనేటప్పుడు సీసాను చేతిలో పట్టుకొని, రెండింటి మీద ఉన్న అంకె ఒకటేనా అని చూసి కొనండి. చదువు రాని వారు దుకాణదారుని చేతనైనా చదివించుకోవాలి.

సూది వేసే చోటు కూడా ముఖ్యమే. బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్ట మీద, లేదా తొడ బయటి వైపు వేసుకోవాలి. రోజూ ఒకే చోట వేస్తే అక్కడ కొవ్వు గడ్డలు ఏర్పడి మందు సరిగా ఒంటబట్టదు. ప్రతిసారీ ఒక వేలు దూరం జరుపుతూ వేయండి. వాడిన సూదులను చెత్తలో, చేను గట్టు మీద పారవేయకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత ఆసుపత్రికి తెచ్చి ఇవ్వండి.

మూడవ ప్రశ్న: ఎప్పుడు, ఎంత తిన్నారు?

చాలామందికి మేము వ్రాసేది 30/70 అనే మిశ్రమం. ఇందులో 30 వంతులు త్వరగా పనిచేసేది, 70 వంతులు నిదానంగా పనిచేసేది. పొద్దున, రాత్రి భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. వేసుకున్నాక తిండి తప్పకూడదు. పొద్దున సూది వేసుకొని, పత్తి ఏరడానికో, తునికాకు కోయడానికో ఏమీ తినకుండా వెళ్తే మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతాయి. కష్టం చేసే రోజున శరీరం చక్కెరను ఎక్కువ ఖర్చు చేస్తుంది. చేనుకు వెళ్లేటప్పుడు రొట్టె, నీళ్లు, కొంగున చక్కెర పొట్లం ఉండాలి.

"జొన్న తింటే షుగరు రాదు కదా" అని కొందరు అడుగుతారు. తెల్ల అన్నం కన్నా జొన్న రొట్టె మంచిదే, పీచు ఉంటుంది. కానీ జొన్నలోనూ పిండి పదార్థం ఉంది గనుక కొలతగానే తినాలి. గట్కతో పాటు పప్పు, ఆకుకూర ఉంటే షుగరు నిదానంగా పెరుగుతుంది. సారాయి మాత్రం వద్దు. ఖాళీ కడుపున ఇప్పసారా తాగి ఇన్సులిన్ వేసుకుంటే రాత్రి నిద్రలోనే షుగరు పడిపోవచ్చు.

ఉపవాసాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. శ్రమల దినాల ఉపవాస ప్రార్థన అయినా, రోజా అయినా, ఏకాదశి అయినా, ఇన్సులిన్ వేసుకునేవారు ముందుగా డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలి. కొందరికి ఉపవాసం అసలే తగదు. మీ పాస్టరు గారికి గాని, ఇంటి పెద్దలకు గాని ఈ సంగతి చెప్పడానికి సిగ్గుపడకండి.

షుగరు పడిపోతే

70 కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్లే. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, చూపు మసక, చిరాకు, తికమక మాటలు దీని గుర్తులు. తాగాడని, గాలి సోకిందని అనుకొని సమయం పోగొట్టుకున్న కుటుంబాలను చూశాము. ఇన్సులిన్ వాడే మనిషి తేడాగా ప్రవర్తిస్తే మొదట షుగరు తగ్గిందనే అనుకోండి. షుగరు చూసే మిషను లేకున్నా చక్కెర ఇవ్వండి.

తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. కుదుటపడ్డాక అన్నమో రొట్టో పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 కు ఫోను చేయండి.

జ్వరం వచ్చినప్పుడు

"తిండి తింట లేడు గదా అని సూది ఆపినం" అని చెప్పేవారు చాలామంది. జ్వరంలో తిండి తగ్గినా షుగరు పెరుగుతుంది. టైప్ 1 పిల్లలకు సూది ఆపితే రక్తంలో ఆమ్లాలు పేరుకొని, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం కలగవచ్చు. సూది మీరుగా ఆపకండి. నీళ్లు ఎక్కువగా తాగించి, వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇన్సులిన్ ఆఖరి మందా?

సూది అంటే ఇక చివరి దశ అని, మొదలు పెడితే ఆపలేమని భయపడతారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో మొట్టమొదట ఇన్సులిన్ పొందిన లెనార్డ్ థాంప్సన్ 14 ఏళ్ల పిల్లవాడు. చావుకు దగ్గరైన ఆ బాలుడు దానితో తేరుకొని ఇంకా 13 ఏళ్లు బ్రతికాడు. ఇన్సులిన్ మొదటి నుండీ బ్రతికించే మందే. మా వార్డులో కాలి పుండుతో, ఆపరేషన్ కొరకు, కాన్పు కొరకు చేరినవారికి కూడా కొద్దికాలం ఇన్సులిన్ ఇస్తాము. వారిలో చాలామంది తరువాత మాత్రలకు మారడమో, మందే అవసరం లేకపోవడమో జరుగుతుంది.

మరొక మాట. మూడు నెలల సగటు షుగరు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చాలామందికి 7 లోపు ఉంటే మంచిది. పెద్ద వయసు వారికి కొంత ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. అయితే మన ఏజెన్సీ గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ లక్షణం ఉంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో ఎర్ర కణాలు త్వరగా నశిస్తాయి గనుక ఈ పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ చూపవచ్చు. మీ ఇంట్లో ఆ జబ్బు ఉంటే తప్పక చెప్పండి. పరగడుపు షుగరు, భోజనం తరువాతి షుగరు చూసి వైద్యం చేస్తాము.

ఆ అవ్వకు ఇప్పుడు సాయంత్రం మళ్లీ 14 యూనిట్లే ఇస్తున్నాము. కుండలో పెట్టిన మందుతో అదే సరిపోతోంది. ఆమె ఓపీకి వచ్చినప్పుడు అడగకముందే సంచిలో నుండి సీసా తీసి బల్ల మీద పెడతారు. మీరు కూడా వచ్చేటప్పుడు సీసా, సిరంజి, షుగరు పుస్తకం మూడూ తెచ్చుకోండి. మేము ఆ మూడు ప్రశ్నలు అడగడం మరిచిపోతే, మీరే మాకు గుర్తుచేయండి.