బిడ్డ మాట

గుంటూరు సీమలో తెనాలి పెద్ద రైలు కూడలి. విజయవాడ నుండి చెన్నైకి పోవు ప్రధాన మార్గము ఈ ఊరిమీదుగనే బాపట్లకు సాగును. రేపల్లెకు పోవు చిన్నమార్గ మిచ్చట చీలి, వరిపొలముల నడుమ నడచి, రేపల్లెతో ముగియును. కూలిపనులకు పోవువారు, కళాశాలల విద్యార్థులు, గంపలతో బేరగాండ్రు దినమెల్ల ఈ బండ్లలో తిరుగుచుందురు. ఇట్టి కూడలిలో ఒక్కొక్కప్పుడు తోడెవ్వరును లేని పిల్లవాడొకడు కనబడవచ్చును. ఇంటిలో దెబ్బలకు వెరచి వచ్చినవాడో, పనికి పెట్టినచోటి నుండి పారిపోవుచున్నవాడో, ఎవరో ఆశచూపగా వారి వెంట పోవుచున్నవాడో చూచువారికి తెలియదు. పెక్కుమంది వానిని గమనింపనే గమనింపరు. గమనించినవారును “ఎవరి బిడ్డయో, మనకేల” యని తమ పెట్టెలోని కెక్కుదురు.

“మనకేల” అను ఈ మాట పసివారికి జరుగు హింసకు పెట్టనికోట వంటిది.

హింస యనగా కొట్టుట మాత్రమే కాదు. ఆకలికి మాడ్చుట, చదువు మాన్పించి పనికి పెట్టుట, ఎదుగని వయసున పెండ్లి చేయుట, నలుగురిలో చులకన చేయుట, బిడ్డ శరీరము నసభ్యముగా తాకుట, ఇవి యన్నియు హింసలే. కాని వీనిలో పెక్కింటిని లోకము చిరకాలము ఆ పేరుతో పిలువలేదు. కొన్నింటిని ఆచారమనెను, కొన్నింటిని క్రమశిక్షణ మనెను, కొన్నింటిని ఇంటిగుట్టని దాచిపెట్టెను. కీడునకు కీడని పేరు పెట్టనంత కాలము దానిని మాన్పుట ఎవరి తరము?

తెలుగు దేశముననే ఇందుకు గొప్ప నిదర్శన మొకటి కలదు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. దానికి వ్రాసిన ఆంగ్ల పీఠికలో ఆయన ఒక పట్టికను పేర్కొనిరి. అది విజయనగర మహారాజుగారు తయారు చేయించినది. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు వరుని వద్ద ధనము పుచ్చుకొని చేసిన పెండ్లిండ్ల సంఖ్య అందు 1,034. ఆ పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44 మంది, మూడేండ్లవారు 36 మంది, రెండేండ్లవారు 6 గురు, ఏడాది పసికూనలు ముగ్గురు! ఆ పసికూనలకు పలికిన వెల తలకు 350 నుండి 400 రూపాయలు. ఆ పెండ్లిండ్లకు పోయి విందారగించి వచ్చినవారు వేలకొలది యుందురు. వారిలో దుర్మార్గులు కొందరే కావచ్చును. తక్కినవారు తాము చూచినది శుభకార్యమనియే తలచిరి. ఒకరు కూర్చుండి లెక్క వేసినపుడు గాని అది పసిబిడ్డల అమ్మకమని తేటపడలేదు.

లెక్క తెలిసిన పిదప చట్టము వచ్చుటకు మరి మూడు దశాబ్దములు పట్టినది. 1929లో వచ్చిన శారదా చట్టము బాలికలకు 14, బాలురకు 18 ఏండ్లు వివాహ వయస్సుగా నిర్ణయించెను. 1978లో అది 18, 21 ఏండ్లయినది. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టము వచ్చెను. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు: ఆంధ్రప్రదేశమున 20 నుండి 24 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకమునుపే పెండ్లి జరిగియున్నది. దేశము మొత్తమున ఈ సంఖ్య నూటికి 23. చట్టము శాసనసభ నుండి ఇంటి గడప వరకు నడచివచ్చుటకు ఎంత కాలము పట్టునో దీనివలన తెలియును.

ఆచారమే కాదు, ఒక్కొక్కప్పుడు చట్టమే బిడ్డలను బాధించును. బాపట్లకు సమీపమున స్టూవర్టుపురమను గ్రామము కలదు. పరప్రభుత్వము 1911లో చేసిన నేరస్థ తెగల చట్టము ననుసరించి, 1913లో ఎరుకల కుటుంబములను అచ్చట స్థిరపరచి, పర్యవేక్షణమును సాల్వేషన్ ఆర్మీ సంస్థ కప్పగించిరి. మదరాసు గవర్నరు సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేర ఆ ఊరు వెలసెను. ఆ చట్టము దృష్టిలో మనిషి చేసిన నేరముకంటె పుట్టిన కులమే ముఖ్యము. ఆరేండ్లు దాటి పదునెనిమిది నిండని బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ప్రత్యేక పాఠశాలలలో నుంచు అధికారము సైతము అది ప్రభుత్వమునకు ఇచ్చెను. బడి మంచిదే, కాని తల్లి ఒడి నుండి లాగివేసి చూపు బడిని బిడ్డ ఏమని తలచును? మదరాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952లోను ఆ చట్టము రద్దయినది. ముద్ర మాత్రము చెరగలేదు. ఆ తరువాత ఎన్నో ఏండ్లు ఆ ఊరి పేరు సినిమాలలో దొంగతనమునకు మారుపేరుగా వాడబడెను. 1970 దశకమున లవణం, హేమలతా లవణం దంపతులు ఆ ఊరివారి నడుమ మెలగి, వారి జీవితములను తీర్చిదిద్దుటకు శ్రమించిరి. ఊరి పేరు చెప్పుటకు జంకి తరగతిలో తలవంచుకొను బిడ్డకు తగిలిన గాయము ఏ వైద్యునికిని కనబడదు.

ఇతర ఖండముల చరిత్రయు ఇంతకంటె మేలైనది కాదు. 1874లో న్యూయార్కు నగరమున మేరీ ఎలెన్ అను పదేండ్ల బాలికను పెంపుడు తల్లి అనుదినము కొట్టి, గదిలో మూసియుంచుచుండెను. గోడకు ఆవలినున్న రోగియగు ఒక స్త్రీ ఆ ఏడుపు వినలేక, పేదలను చూడవచ్చు ఎట్టా వీలర్ అను నామెతో చెప్పెను. వీలర్ ఎందరినో ఆశ్రయించినది. ఎవరును ముందునకు రాలేదు. ఆ నగరమున జంతువులను హింసింపకుండ కాపాడు సంఘ మొకటి 1866 నుండియు కలదు గాని, బిడ్డలను కాపాడు సంఘము లేదు! తుదకు ఆ జంతుసంఘ స్థాపకుడగు హెన్రీ బెర్గ్ పూనుకొనగా విషయము న్యాయస్థానమునకు చేరెను. బాలిక తన కష్టమును తన నోటితోనే న్యాయాధిపతికి చెప్పినది. పెంపుడు తల్లికి ఏడాది కారాగార శిక్ష పడెను. ఆ వెనువెంటనే బాలల రక్షణకై తొలి సంఘ మచ్చట ఏర్పడినది. మేరీ ఎలెన్ పెరిగి పెద్దదై, బిడ్డలను పెంచి, 92 ఏండ్లు జీవించెను. గోడ కావలి స్త్రీ “మనకేల” యని యూరకున్నచో ఈ కథ వేరుగా నుండెడిది.

మన దేశమున ఈ మౌన మెంత లోతైనదో 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రచురించిన అధ్యయనము తెలుపును. ఆంధ్రప్రదేశము చేరి 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను అడిగి చూచిరి. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. ఏదో ఒక రూపమున లైంగిక హింసకు గురియైతిమని చెప్పినవారు నూటికి 53 మంది. వారిలో బాలికలే కాక బాలురును గలరు. ఇట్టి పని చేసినవారిలో సగముమంది బిడ్డకు ముందుగా తెలిసినవారో, బిడ్డ నమ్మినవారో అయియుండిరి. పెక్కుమంది పిల్లలు తమకు జరిగినది ఎవరికిని చెప్పలేదు. “ఎవరితోను చెప్పకు” మను పెద్దవాని మాటయే వారి నోరు కట్టివేయును. పుట్టినరోజు కానుకను దాచు రహస్యము వేరు. అది నాలుగు నాళ్లలో అందరికిని తెలిసి సంతోషము నిచ్చును. తల్లికి కూడ ఎన్నడును చెప్పరాదని ఒకడు బెదిరించు రహస్యము వేరు. రెండవది చెప్పవలసినదే. దానివలన కలుగు సిగ్గు తప్పు చేసినవానిది గాని బిడ్డది కాదు. ఒకరికి చెప్పగా వినకున్నచో మరియొకరికి చెప్పవలెను: తల్లికి, నాయనమ్మకు, మేనత్తకు, ఉపాధ్యాయురాలికి.

2012 నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చిన పోక్సో చట్టము ఈ చెప్పుటను సులభము చేయుటకై పుట్టినది. ఆ చట్టము ప్రకారము బిడ్డను పోలీసు స్టేషనుకు రప్పింప నక్కరలేదు. ఇంటిలోనో, బిడ్డ కోరినచోటనో వాంగ్మూలము వ్రాసికొనవలెను. సాధ్యమైనంతవరకు దానిని సబిన్‌స్పెక్టరుకు తక్కువ కాని మహిళాధికారి వ్రాసికొనవలెను. ఆమె యూనిఫారములో ఉండరాదు. రాత్రివేళ బిడ్డను స్టేషనులో నుంచరాదు. న్యాయస్థానమున నిందితుడు బిడ్డ కన్నుల బడకుండ తెర ఏర్పరుపవలెను. బిడ్డ పేరును, ఊరును, బడిని పత్రికలు ప్రకటింపరాదు. అన్నింటికంటె ముఖ్యమైన విషయ మింకొకటి కలదు. ఇట్టి నేరము జరిగినదని తెలిసిన ప్రతి పెద్దవాడును దానిని పోలీసులకు తెలిపి తీరవలెను. దాచినచో అదియే నేరము. “మనకేల” యను మాటకు చట్టము చెప్పిన సమాధాన మిది.

బడిలోని బెత్తము మాట వేరుగా చెప్పవలెను. దెబ్బలు తినని చదువు చదువే కాదని పూర్వులు దృఢముగా నమ్మిరి; నేటికిని నమ్మువారు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002లోనే పాఠశాలలలో శరీరదండనను నిషేధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము దేశమంతట దెబ్బలనే కాక, మనసును నొప్పించు వేధింపులను కూడ నిషేధించినది. స్వీడను దేశము అన్ని దేశములకంటె ముందు, 1979లోనే, ఇంటిలో తల్లిదండ్రులు సైతము బిడ్డను కొట్టరాదని శాసించెను. ఆ సంగతి తెలుపుటకు ఆ ప్రభుత్వము ఎంచుకొన్న పద్ధతి ముచ్చటైనది: పాలడబ్బాలపై అచ్చువేయించినది. ప్రతి కుటుంబమును పొద్దుటిపూట భోజనపు బల్లవద్ద దానిని చదివి మాటలాడుకొనెను.

అలవాటు మారుటకు ఇట్టి మాటలాడుకొనుటయే మార్గమని తెలుగు నేలపై శాంతా సిన్హాగారు కూడ చూపిరి. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పక్షమున 1991 నుండి ఆమె సహచరులు రంగారెడ్డి జిల్లా పల్లెలలో ఇల్లిల్లు తిరిగిరి. బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలో ఉన్న బిడ్డయే యని వారి సిద్ధాంతము. వారు యజమానులను శత్రువులుగా చూడక, వారితోను, తల్లిదండ్రులతోను పలుమారులు మాటలాడి ఒప్పించిరి. చదువు తప్పినవారిని శిబిరములలో చేర్చి, వయసుకు తగిన తరగతికి సిద్ధపరచిరి. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించెను. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘమునకు ఆమెయే తొలి అధ్యక్షురాలు.

నేడు ఈ ఆలోచన లోకమంత విస్తరించినది. 1989 నవంబరు 20వ తేదీన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించెను. భారతదేశము 1992లో అందు చేరెను. 2000 నుండి నవంబరు 19వ తేదీని బాలలపై హింసా నివారణ దినముగా జెనీవాలోని ఒక మహిళాసంస్థ పాటింపజేయుచున్నది. 2022లో సమితియే నవంబరు 18వ తేదీని బాలలపై లైంగిక దోపిడీ, హింసల నివారణ దినముగా ప్రకటించినది. దినములు ప్రకటించుట సులభము. ఆ దినమున ఏమి చేయవలెనో తెలియుట కష్టము.

ఆపదలోనున్న బిడ్డకు, లేదా బిడ్డను చూచినవారికి, 1098 అను ఫోను సంఖ్య కలదు. పది, తొమ్మిది, ఎనిమిది యని వరుస తప్పక గుర్తుండునట్లు కూర్చిన సంఖ్య ఇది. పిలుపునకు వెల లేదు. 1996లో ముంబయిలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థలో దీనికి బీజము పడెను. 2023 నుండి ప్రభుత్వములే దీనిని నడుపుచున్నవి. 2022 ఏప్రిలు 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడినపుడు రేపల్లె అందు చేరెను, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. కావున రేపల్లెలో బండియెక్కి తెనాలిలో దిగిన బిడ్డ జిల్లా దాటియుండును. అయినను రక్షణ కది అడ్డము కాదు. ప్రతి జిల్లాకును కనీసము ఒక బాలల సంక్షేమ సంఘము ఉండవలెనని 2015 నాటి చట్టము విధించినది. అందు అధ్యక్షునితో గూడ అయిదుగురు, వారిలో ఒకరైనను స్త్రీ. ఆదరణ లేక దొరికిన బిడ్డను, ప్రయాణకాలము గాక, 24 గంటలలో ఆ సంఘము ముందునకు చేర్చవలెను. పోలీసు చేర్చవచ్చును, వైద్యుడు చేర్చవచ్చును, దారిన పోవు పౌరుడు చేర్చవచ్చును. ఎవరును తీసికొని రాకున్న బిడ్డ తానుగానే నడచి రావచ్చునని కూడ ఆ చట్టము స్పష్టముగా వ్రాసియున్నది.