సుగ్గికి పోయిన ఊరు, మార్చి 31

ఆదోని యార్డులో పత్తి బేరాలు సన్నగిల్లే వేళకు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో ఇళ్ళకు తాళాలు పడతాయి. గిన్నెలు, బియ్యం మూటలు, చంటిపిల్లలతో కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు సుగ్గి (సీజనల్ వలస) బాట పడతాయి. ఊళ్ళో ముసలివాళ్ళు మిగులుతారు. సీజనల్ హాస్టళ్ళలో కొందరు పిల్లలు మిగులుతారు. వీళ్ళతోపాటు మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్ ఉన్న స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి కూడా మిగులుతుంది. ఈ నెలాఖరులోగా ఆమె ఇన్ని మహిళా సంఘాల సమావేశాలు, ఇన్ని శిక్షణలు జరిపి ఫోటోలు ఎక్కించాలి. సమావేశానికి రావలసిన ఆడవాళ్ళు పల్నాటి చేలల్లో మిరపకాయలు కోస్తున్నారు.

పడమటి కర్నూలులో ఎదుగుతున్న సంస్థలో ఉద్యోగం ఎలా ఉంటుందని అడిగితే, జీతం కన్నా ముందు ఈ రెండు క్యాలెండర్ల సంగతి చెప్పాలి. సంస్థకు ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. ఊరికి ఏడాది తొలకరితో మొదలై పత్తి తీతతో సగమై, మిగతా సగం పరాయి జిల్లాలో గడుస్తుంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనాల నాటికి జనం ఊళ్ళోనే ఉంటారు. అప్పటికి చాలా ప్రాజెక్టుల బడ్జెట్ పై ఆఫీసులో సంతకానికి కూర్చుని ఉంటుంది. డబ్బు దిగేసరికి దసరా. ఖర్చు ఊపందుకునేసరికి సుగ్గి.

మార్చి తొందర ఎవరి దురుద్దేశమూ కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. 2021 తర్వాత ఖర్చుకాని సొమ్మును విడి ఖాతాకో, ప్రభుత్వ నిధికో మళ్ళించాలన్న నిబంధన వచ్చింది. దాత కంపెనీకి ఆ తంటా వద్దు కాబట్టి ఫిబ్రవరిలో ఫోన్లు మోగుతాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ మరో మలుపు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. అంతకుముందు నగరంలోని పెద్ద సంస్థ తాలూకాలోని చిన్న సంస్థకు నిధులిచ్చి పని చేయించేది. ఇప్పుడు ఆ పని కావాలంటే తానే వచ్చి, తన బోర్డు కట్టి, తన మనుషుల్ని పెట్టుకోవాలి. ఎదుగుదల అని మనం పిలిచేదాంట్లో కొంత భాగం ఇలా చట్టం తెచ్చిపెట్టినదే.

లోపల ఆ ఎదుగుదల ఎలా కనిపిస్తుంది? మొదట అద్దెకు తీసుకున్న రెండు గదులు. అందరూ అన్నీ చేస్తారు: లెక్కలు రాసే మనిషే సభకు చాపలు పరుస్తాడు. నిధులు పెరిగితే హెచ్ఆర్ వస్తుంది, ఫైనాన్స్ వేరవుతుంది, కొత్త యాప్ వస్తుంది. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివిన యువకులు కోఆర్డినేటర్లుగా చేరతారు. ఇంటర్‌తో ఆపేసి, పదేళ్ళుగా గడప గడపా తిరిగిన మనిషి వాళ్ళకు ఊళ్ళు చూపిస్తాడు. ఏ వీధిలో కన్నడం మాట్లాడాలో, ఏ ఇంట్లో ముందు అత్తను పలకరించాలో అతనికి తెలుసు. ఆ తెలివికి జీతాల పట్టికలో గడి ఉండదు. ఏడాది తిరిగేసరికి కొత్తవాడు అతనికి పైఅధికారి. ఇందులో అన్యాయం ఉందనే నా అభిప్రాయం. కానీ ఆడిట్‌కు నిలిచే రిపోర్టు రాయగలిగేది ఆ కొత్తవాడేనన్నదీ నిజం. ఇద్దరి కాంట్రాక్టులూ మాత్రం ప్రాజెక్టుతోనే ముగుస్తాయి.

పని స్వభావం చూస్తే, ఊళ్ళు తెలిసిన మనిషి పోతే కలిగే నష్టం ఇంకా తెలుస్తుంది. కర్నూలు జిల్లా సీడ్ పత్తికి పేరుపడింది. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం ప్రతి మొగ్గలోని కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దాలి. ఈ క్రాసింగ్ పనికి ఏళ్ళ తరబడి ఆడపిల్లల్ని దింపారు, తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి మరీ. 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ బడిబయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనన్న పట్టుదలతో పనిచేసింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఒక పిల్లను చేను నుంచి బడికి తేవాలంటే కార్యకర్త ఆ ఇంటికి ఎన్నిసార్లు పోవాలి? అడ్వాన్సు ఇచ్చిన రైతుతో ఎవరు మాట్లాడాలి? ఉగాదికి వచ్చిన తండ్రి మళ్ళీ కూతురిని తీసుకెళ్తే? యాప్‌లో మాత్రం అది 'హోమ్ విజిట్: 1'.

కొలత వద్దని కాదు. బంగ్లాదేశ్‌లో 1972లో పుట్టిన బ్రాక్ ప్రపంచంలోనే అతిపెద్ద స్వచ్ఛంద సంస్థల్లో ఒకటైంది. 1980లలో పిల్లల విరేచనాలకు ఉప్పు-బెల్లం ద్రావణం కలపడం అది ఇంటింటికీ తిరిగి నేర్పింది. తర్వాత ఇంకొకరు వెళ్ళి తల్లులకు ఎంత గుర్తుందో అడిగేవారు. కార్యకర్త జీతం ఆ జవాబుల మీద ఆధారపడేది. అంత పెద్ద పనిలోనూ లెక్క తల్లి దగ్గర నుంచే మొదలైంది.

నిధులు కూర్చుకోవడానికి మన పక్కనే ఇంకో దారి ఉంది. మహారాష్ట్రలోని మన్మాడ్ నుంచి 1968లో దేశం విడిచిపొమ్మన్న ఆదేశం అందుకున్న విన్సెంట్ ఫెర్రర్, మరుసటి ఏడు అనంతపురం చేరి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) మొదలుపెట్టారు. 1996లో స్పెయిన్‌లో ఫౌండేషన్ ఏర్పడ్డాక నెలనెలా విరాళమిచ్చే అక్కడి వేలాది మామూలు కుటుంబాలు దానికి ఆసరా అయ్యాయి. అది మూడు వేలకు పైగా ఊళ్ళకు విస్తరించింది, కర్నూలు జిల్లాలోకీ వచ్చింది. ఈ పద్ధతిలో ఒక ప్రాజెక్టు ముగిసిందని ఊరిని వదలాల్సిన పనిలేదు. సంస్థ చదివించిన పిల్లల్లో కొందరు ఇప్పుడు అందులోనే ఉద్యోగులు. ఊళ్ళలో హుండీలు పెట్టి, సాయం అందుకున్నవాళ్ళ చేతే సాయం చేయించే పనీ మొదలైంది. అయినా ఇంత పెద్ద చెట్టుకు వేరు ఒక్కటే అయితే ఏమవుతుందో 2025లో తెలిసింది. విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణకు అడ్డుపడగానే ఉద్యోగుల్లో గుబులు పుట్టింది, అనంతపురంలో జనం రోడ్డెక్కారు. దాత కోసం లబ్ధిదారులు ఊరేగింపు తీయడం మనం తరచూ చూసేది కాదు.

సంస్థ ఎవరికి జవాబు చెప్పాలన్న చర్చ పడమటి కర్నూలులోని ఎమ్మిగనూరుకు కొత్తది కాదు. 1938లో మాచాని సోమప్ప ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టించారు. దానికి దేశమంతా పేరొచ్చింది, ఆయనకు పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘంలో నేతగాడు లబ్ధిదారు కాదు, సభ్యుడు. లెక్క సరిగా లేకపోతే మహాసభలో లేచి అడుగుతాడు. ఇవాళ్టి సంస్థల్లో ఆ హక్కు ఢిల్లీ, బెంగళూరు దాతలకు ఉంది, కోసిగి తల్లికి లేదు. మరమగ్గాల పోటీలో చేనేత చితికిపోయిన తీరు చూస్తే సభ్యత్వం ఒక్కటే కాపాడదని కూడా ఒప్పుకోవాలి.

ఈ పెద్ద ప్రశ్నలు తేలేలోగా చేయదగ్గ చిన్న పని ఒకటుంది. ఈ పడమటి మండలాల వరకు ప్రాజెక్టు ఏడాదిని జూన్‌లో మొదలుపెట్టి, మొదటి ఆరు నెలల్లోనే ఊరి పనంతా ముగించమని దాతలను అడగవచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కార్యకర్త చేత తాళాలేసిన ఇళ్ళ ముందు ఫోటోలు తీయించకుండా, ఆమెను కుటుంబాల వెంట గుంటూరుకే పంపవచ్చు. గుడారాల్లో పిల్లలున్నారు, జ్వరాలున్నాయి, కూలి లెక్కల గొడవలున్నాయి. ప్రయాణ భత్యం ఏ పద్దు కింద రాయాలో ఫైనాన్స్ వాళ్ళు చూసుకుంటారు.