టీకామందును కాచువాడు

బిడ్డ తొడకు సూది గ్రుచ్చు ఏ.ఎన్.ఎం.ను తల్లి యెరుగును. చీటి వ్రాయు వైద్యుని యెరుగును. కాని ఆ మందు తన యూరు చేరువరకు దాని శక్తి చెడకుండ కాచిన ఫార్మసిస్టును, అతడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో మాత్రలిచ్చు కిటికీ వెనుక నిత్యము కనబడుచున్నను, ఆ పనికి కర్తగా నెరుగదు. మన దేశమున 1985లో ఆరంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమము క్రింద వచ్చు మందులను భద్రపరచు భారము పెక్కు కేంద్రములలో అతనిదే.

ఆ మందులు అక్కడ 2 మొదలు 8 డిగ్రీల సెల్సియస్ నడుమ నుండవలెను. వేడి వానికి శత్రువని యందరు నెరుగుదురు. మితిమీరిన చలియు శత్రువే యని యెరిగినవారరుదు. పోలియో చుక్కలు గడ్డకట్టినను చెడవు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతము మొదలగు ఐదు వ్యాధుల నడ్డు పెంటావాలెంటు మాత్రము ఒక్కమారు గడ్డకట్టెనా, కరగిన పిమ్మట ఎట్లు కనబడినను పనికిరాదు. కావుననే ఐ.ఎల్.ఆర్. అను శీతలపేటికలో అడుగుభాగము మిక్కిలి చల్లనిదని యెరిగిన ఫార్మసిస్టు పోలియో, బి.సి.జి., తట్టు మందులను క్రిందను, పెంటావాలెంటును పైబుట్టలలోను అమర్చి, పండుగనాడైనను ఉదయసాయంకాలములు ఉష్ణోగ్రత చూచి పుస్తకమున కెక్కించును.

టీకాలు వేయు బుధ, శనివారముల ప్రొద్దుననే ఫ్రీజరులోని ఐస్ ప్యాకులను వెలికిదీసి, వెంటనే టీకాపెట్టెలో పెట్టక, బల్లపై నుంచి, కొంతసేపటికి చెవియొద్ద నూపి, లోపల నీరు కదలు చప్పుడు విన్న పిమ్మటనే పెట్టెలో నమర్చును. ఈపాటి యోపిక లేనిచో, మండుటెండలో పల్లెకు పోవు మందు చలికి చచ్చును! సీసాపైనున్న వలయములోని చిన్న చతురస్రము వలయముకంటె లేతగా నున్నంతవరకే మందు వాడదగినది; అయితే ఆ గుర్తు వేడిని చెప్పునేగాని గడ్డకట్టుటను చెప్పదు. అనుమానము కలిగినచో, అదే బ్యాచిలోని మరియొక సీసాను కావలెనని గడ్డకట్టించి, కరగించి, రెండు సీసాలను ఒకేసారి యూపి, బల్లపై నుంచి చూడవలెను. అనుమానించిన సీసాలో మడ్డి రెండవదానితో సమానముగనో అంతకంటె వేగముగనో దిగినచో, దానిని పారవేయవలసినదే.

అమెరికాలో 3 మొదలు 18 ఏండ్ల పిల్లలకు ఫార్మసిస్టులే టీకాలు వేయవచ్చునని 2020 ఆగస్టులో కేంద్రప్రభుత్వ మనుమతించినది. మన ఫార్మసిస్టునకు, నా మట్టుకు, సూదికంటె ముందు కావలసినది కరెంటు పోయినపుడు జనరేటరులో డీజిలు, తాను సెలవు పెట్టినపుడు పని తెలిసిన మారుమనిషి.

ప్రైవేటు వైద్యుని చీటితో మందులషాపున టీకా కొను తలిదండ్రులు, సీసా మంచుగడ్డకు నేరుగా తగులకుండ కట్టియిమ్మని యడిగి, దారిలో కూరగాయల బేరమునకు నిలువక తిన్నగా ఆసుపత్రికి పోవుట మేలు.